వేంగి పిల్లాడిని వెతికిన ఆంటీ

పోయిన వారం బాతెల్‌లో డెంటిస్ట్ దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా లవంగ నూనె వాసన గుప్పుమంది. లోపలి నుంచి నా పేరు పిలుస్తున్నా చప్పున లేవలేకపోయాను. సుమిత్ర ఆంటీ ఆ గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తున్నట్టే అనిపించింది. ఆవిడ బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కాళ్ళు మాత్రం ఒకచోట నిలిచేవి కావు.

నా చిన్నప్పుడు పిస్కాటవేలో ఆంటీది మా పక్క ఇల్లు. యూనివర్సిటీలో మధ్యయుగాల చరిత్ర చెప్పేవారు. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న ఆఫీస్‌లోనే గుండె ఆగి పోయారు. పరామర్శకి వచ్చిన అంకుల్స్ ఒకరి తర్వాత ఒకరు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇకనుంచి ఇంటికి పెద్దదానివి నువ్వేనమ్మా, అమ్మని నువ్వే చూసుకోవాలి" అన్నారు. ఓదార్పుగా అన్న ఆ మాటను నేను ఆజ్ఞగా తీసుకున్నాను. స్విమ్ టీమ్ మానేశాను. అమ్మ ల్యాబ్ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వరసపెట్టి ఫోన్లు చేసేదాన్ని. వేసిన తాళం మళ్ళీ లాగి చూసేదాన్ని. ఆపిన స్టవ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళేదాన్ని. తిండి సయించేది కాదు, చదువు బుర్రకెక్కేది కాదు.

అమ్మ వచ్చేదాకా ఆంటీ ఇంట్లో ఉండేదాన్ని. ఒక సాయంత్రం నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతుంటే ఆవిడ కూడా నా పక్కన నడవడం మొదలుపెట్టారు.

"అచ్చం నీలాంటి పిల్లాడొకడు నాకు తెలుసు" అన్నారు.

"ఏ స్కూల్?"

"స్కూల్ కాదే, వేంగి. వెయ్యేళ్ళ పైమాట."

అలా ఆ పిల్లాడి కథ విన్నాను. రాజైన తండ్రి చనిపోగానే, ఇంకా పసివాడని తెలిసీ, రాచరికపు గుర్తుగా మెడలో కంఠిక వేసి సింహాసనం మీద కూర్చోబెట్టారట. పక్షం రోజులు తిరిగేసరికి దాయాదుల్లో ఒక పెద్దాయన వచ్చి, పిల్లాడిని చెరలో పెట్టి, తనే రాజయ్యాడట. ఆంటీ అతన్ని ఎన్నడూ రాజు అనేవారు కాదు. "మన పిల్లాడు" అనేవారు, మా వీధిలోనే ఎక్కడో తప్పిపోయినట్టు.

"దట్స్ సో అన్‌ఫెయిర్ ఆంటీ. తర్వాత ఏమైంది?"

"అప్పటి రాగి రేకుల శాసనాల్లో అతని గురించి ఒకటో రెండో మాటలుంటాయి. తర్వాత గెలిచినవాళ్ళ సంగతే."

ఆ కథ నాలో మరోలా నాటుకుంది; నాన్న చోటుకీ ఎవరో వస్తారనిపించేది. కొన్నాళ్ళకి డాలస్ నుంచి బాబాయి వచ్చాడు. నాన్నకి ఒక్కడే తమ్ముడు. ఆ రోజు ఆంటీని కూడా భోజనానికి పిలిచాం. బాబాయి వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నాడు. అన్నం కలుపుకుంటూ, "వదినా, స్కూల్ ఇయర్ అయిపోగానే మీరిద్దరూ డాలస్‌కి మూవ్ అయిపోండి. మా ఇంటి దగ్గర్లోనే ఇల్లు చూశాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గెట్ అప్! అది నాన్న చైర్. నాన్న ప్లేస్ తీసుకుందామని వచ్చావ్ నువ్వు!" అని అరిచాను.

బాబాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అమ్మ తల వంచుకుంది. ఆంటీ గబగబా చెయ్యి కడుక్కుని, "చెప్పులేసుకో, నడుద్దాం" అన్నారు.

నది ఒడ్డు పార్కులో ఆవిడతో సమానంగా నడవడానికి నేను పరిగెత్తాల్సి వచ్చింది. ఉన్నట్టుండి, "ఆ దాయాది ఎన్నాళ్ళు ఏలాడో చెప్పనా? నెల. ఇంకో దాయాది వచ్చి చంపేశాడు. అప్పుడు సింహాసనం మీద మన పిల్లాడే ఉండుంటే?" అన్నారు.

"వాణ్ణి చంపేసేవాళ్ళు."

"మరి వాడు బతికాడే! చాలా తరాల తర్వాత పిఠాపురంలో రాజులు, మేం ఆ పిల్లాడి వంశం వాళ్ళమని రాతి స్తంభం మీద చెక్కించుకున్నారు. అంటే పెరిగాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు."

"జైల్‌లోంచి ఎలా బయటికొచ్చాడు?"

"అదే దొరకడం లేదు నాకు. పసివాడు తనంతట తను రాలేడు కదా. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చుంటారు. ఆ చెయ్యి ఎవరిదా అని ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను." నడక ఆపి నా వైపు తిరిగారు. "నీ మెడలో కంఠిక వేసిందెవరే? తీసి పక్కన పెడితే ఏమవుతుంది?"

నాన్న పోయాక మొదటిసారి నేను గట్టిగా ఏడ్చింది ఆ పార్కులోనే.

తిరిగి వచ్చేసరికి బాబాయి వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నయ్య చైర్ ఖాళీగా ఉంటే చూడలేకపోయాను రా. అందుకే కూర్చున్నాను" అన్నాడు. నేను తువ్వాలు తీసుకుని తడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఎక్కడ ఉండాలో మీరిద్దరే నిర్ణయించేశారు గానీ నన్నెవరూ అడగలేదు. నా జాబ్ ఇక్కడ, దీని స్కూల్ ఇక్కడ. మేం ఇక్కడే ఉంటాం" అంది. ఆ మాటతో నా వీపు మీంచి ఏదో బరువు జారినట్టయింది. పై వారం స్విమ్మింగ్‌కి వెళ్ళాను. బాబాయి వీలైనప్పుడల్లా వచ్చి, నన్ను ఈత పోటీలకి తీసుకెళ్ళేవాడు.

ఆంటీని చివరిసారి చూసింది పోయినేడాది. తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు. దుప్పటి కింద పాదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"దొరికిందా ఆంటీ, ఆ చెయ్యి?"

"లేదే. కాపలావాడు అనుకుంటా ఒకసారి, పాలిచ్చిన దాది అనుకుంటా ఇంకోసారి."

"బాబాయెవరైనా అయ్యుండొచ్చుగా?"

పాదాలు ఆగిపోయాయి. "దాయాదుల మీద నాకా అనుమానమే రాలేదు సుమా!" అన్నారు. కాసేపటికి మళ్ళీ కదిలించడం మొదలుపెట్టి, "అయితే మళ్ళీ మొదటినుంచి వెతకాలి" అన్నారు.

ఆ చలికాలంలోనే ఆవిడ వెళ్ళిపోయారు. ఆ పిల్లాణ్ణి ఎవరు బయటికి తెచ్చారో నాకూ తెలియదు. ఆవిడ అశాంతి మాత్రం నాకు అంటుకుని ఉండిపోయింది. ఎక్కడైనా పరామర్శకి వెళ్ళి, మూల కూర్చున్న చిన్నపిల్లతో పెద్దవాళ్ళు పెద్ద మాటలు చెబుతుంటే నా కాళ్ళు నిలవవు. లేచి వెళ్ళి, "చెప్పులేసుకో, అలా నడిచొద్దాం" అంటాను.