ఓడకి ఎడమ దవడ

నర్సీపట్నంలో అబీద్ సెంటరుకి కాస్త ఇవతల, సైకిలు షాపుకీ టీకొట్టుకీ మధ్య నారాయణమూర్తి పళ్ళ సెట్లు కట్టే గది ఉండేది. ఒక బల్ల, ఒక కుర్చీ, కిరసనాయిలు స్టవ్వు, దాని మీద పొద్దస్తమానం మరుగుతూ ఉండే గిన్నెడు నీళ్ళు. కిటికీలో వరసగా పేర్చిన తెల్లటి ప్లాస్టరు దవడలు వీధిలో ఎండని చూసి నవ్వుతూ ఉండేవి. సంతరోజున కొండ దిగి వచ్చినవాళ్ళు ఆ కిటికీ ముందు ఒక్క నిమిషమైనా ఆగేవారు. ఇన్ని నవ్వుల్లో మనది ఏదో అన్నట్టు చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

అతను డాక్టరు కాదు. ఆ మాట తనే ముందుగా చెప్పేవాడు. విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పదకొండేళ్ళు అచ్చులు పోసి, ఆ పని చేతుల్లో పెట్టుకుని పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో సొంత ఊరు చేరాడు. నోట్లో అచ్చు తీస్తే పన్ను ఉన్నచోట గుంట వస్తుంది. గుంటలో ప్లాస్టరు పోస్తే గుంట తిరిగి పన్నవుతుంది. దాని మీద మైనంతో చిగురు కట్టి, చుట్టూ మళ్ళీ ప్లాస్టరు పోసి, వేడినీళ్ళతో మైనం కరిగిస్తే ఆ చోటంతా ఖాళీ. ఆ ఖాళీలో గులాబీ రంగు ముద్ద కూరి ఉడకబెట్టి, ప్లాస్టరు పగలగొడితే చిగురు బయటపడుతుంది. ఇలా ఉన్నది లేనిదవుతూ, లేనిది ఉన్నదవుతూ, రోజంతా లోపలా బయటా మారిపోయే పని. సాయంత్రం ఇంటికి వెళ్ళాక చొక్కా తిరగేసి తొడుక్కున్నానా అని ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. చాలాసార్లు తిరగేసే ఉండేది.

డెబ్భై తొమ్మిది వేసవిలో మన్మథరావు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. మన్మథరావు ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల్లో, ఇంజను గదిలో పనిచేసి దిగిపోయిన మనిషి. అతని పైవరస పళ్ళు నారాయణమూర్తి కట్టినవే.

"సెట్టు వదులయిందాండీ?" అని అడిగాడు నారాయణమూర్తి.

"నా పళ్ళకేటీ లేదు. దీనికి కట్టాల," అని పెట్టె బల్ల మీద పెట్టాడు మన్మథరావు.

పెట్టె మూత మీద ఓడ బొమ్మ. లోపల ఆ ఓడ ముక్కలు ముక్కలుగా, బూడిదరంగు ప్లాస్టిక్కులో. పొగగొట్టం, లంగర్లు, పడవలు, గోటికి కూడా అందనంత సన్నటి నిచ్చెనలు. సింగపూరు రేవులో కొన్నది, ముక్కలు అంటించి మనమే కట్టుకోవాలి. తను పనిచేసిన ఓడ అచ్చంగా ఇలాంటిదేనట. ఉద్యోగం దిగాక తీరిగ్గా కట్టుకుందామని పదిహేడేళ్ళు మూత తియ్యలేదు. ఇప్పుడు తీస్తే ఓడ పొట్ట రెండు సగాల్లో కుడిదే ఉంది.

"ఎడమదేమయింది?"

"మా బాలాంబ." బాలాంబ అతని చెల్లెలు, ఆ ఇంటి పెత్తనం ఆమెదే. "దూడకి తవుడు తోడడానికి బావుందని తీసీసింది. మూడేళ్ళు తోడింది. మొన్న గేదె తొక్కీసింది. నేనడిగితే, అంత పనికొచ్చే వస్తువు పెట్టిలో దాస్తావేటన్నయ్యా అని నన్నే కేకలేసింది."

నారాయణమూర్తి నవ్వబోయి, అవతలి మనిషి చూపు తన మొహం మీద కాక చెవి పక్కగా ఎక్కడో నిలిచి ఉండడం గమనించి ఆగిపోయాడు.

"కళ్ళకి నీటికాసులంట. పక్కలు ముందే పోనాయి. మజ్జిలో ఇంత కన్నం మిగిలింది," అని మన్మథరావు బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి చూపించాడు. "ఓడ కిటికీలోంచి సూసినట్టుంటాది. అదీ దసరాదాకా ఉంటే గొప్పన్నాడు డాట్రు. ఉన్నప్పుడే దీన్ని కట్టుకోవాల. లేని పన్ను కడతావు కదా, లేని సగం కట్టలేవేటి?"

కడతాననే అన్నాడు నారాయణమూర్తి. ఎదురుగా కుడి సగం ఉంది, దాని అచ్చు తీస్తే సరిపోతుందనుకున్నాడు. అచ్చు తీశాడు, ఉడకబెట్టాడు, ప్లాస్టరు పగలగొట్టాడు. గులాబీ రంగు పొట్ట నునుపుగా బయటికి వచ్చింది. బూడిదదాన్నీ దాన్నీ ఎదురెదురుగా కలపబోతే ఒకదాని ముక్కు దగ్గరికి రెండోదాని తోక వచ్చింది. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. తలకిందులు చేశాడు. ముక్కూ ముక్కూ కలిస్తే అడుగు పైకి పోతోంది. అరగంట పట్టింది, కుడిదాని అచ్చులోంచి మళ్ళీ కుడిదే పుడుతుందని అర్థం కావడానికి. ఇంతకాలమూ ఎవరి నోటి అచ్చు వాళ్ళకే కట్టాడు గనక ఆ సంగతి ఆలోచించే అవసరమే రాలేదు.

అప్పుడు అద్దం గుర్తొచ్చింది. గోడకున్న అద్దం దించి బల్ల మీద నిలబెట్టి, కుడి సగాన్ని దానికి ఆనించాడు. ఎవరో తలుపు తీసినట్టు నిండు ఓడ కనిపించింది. సగం ఇక్కడ, సగం వెండినీటిలో. అంత అందమైన సంగతి తన గదిలో ఎన్నడూ జరగలేదు. ఇంక ఏముంది, ఆ అవతలి సగాన్ని చూస్తూ మైనంలో చెక్కడమే.

వారం రోజులు చెక్కాడు. అచ్చు పోశాడు, ఉడికించాడు, పగలగొట్టాడు.

కుడిది.

మళ్ళీ చెక్కాడు. ఈసారి అద్దంలోంచి కన్ను తిప్పలేదు, టీ కూడా తాగలేదు. మళ్ళీ కుడిదే. కిటికీలో దవడల పక్కన మూడు గులాబీ పొట్టలు వరసగా చేరాయి. కిందిపళ్ళ సెట్టు కోసం రోలుగుంట దాటి వచ్చిన గంగులు వాటిని చాలాసేపు చూశాడు.

"ఏటి బాబూ, మొసలికి గానీ కడతన్నావేటి?"

"ఓడకి."

"ఓడ కూడా నవుల్తాదేటి?" అని గంగులు కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు.

నారాయణమూర్తి ఎడమచేత్తో చిన్న నోటి అద్దం పట్టుకుని, పైవరస పంటి వెనక చూస్తూ, కుడిచేత్తో గరుకుగా ఉన్నచోట గీకాడు. అద్దంలో పని ఇటు పక్క కనిపిస్తోంది, చెయ్యి తడబడకుండా అటు పక్కకి పోతోంది. గంగులు నోట్లో చెయ్యి ఉండగానే అతను కొయ్యబారిపోయాడు. పాతికేళ్ళకి దగ్గరవుతున్నాయి, ఈ చెయ్యి అద్దంలో కనిపించినదాన్ని నమ్మడం మానేసి. అద్దం ఎడమంటే చెయ్యి కుడి అనుకుంటుంది. ఓడ ముందు కూర్చున్నా అదే చేస్తోంది, అడక్కుండానే, పాత నౌకరులాగ.

"బాబూ, సెయ్యి," అన్నాడు గంగులు, అనగలిగినంత.

తెలిసింది గానీ తెలిసినందువల్ల లాభం లేకపోయింది. సరిదిద్దుకుందామని చేతికి ఎదురు చెబితే చెయ్యి ఆగిపోయేది. చెప్పకపోతే కుడికి పోయేది. ఆ దిగులులో ఏది తన ఎడమో కూడా అనుమానం పట్టుకుంది. అన్నం తినబోతూ చేతుల వంక చూసుకునేవాడు. చెప్పు తొడుక్కోబోతూ ఆగేవాడు. వానలు మొదలయ్యాయి. మన్మథరావు రెండోసారి వచ్చినప్పుడు గుమ్మం తడుముకుని వచ్చాడు.

"ఇంత కన్నం," అని వేళ్ళతో చూపించాడు. సున్నా శనగగింజంత అయింది. "నేను బేగి కానీమని కాదు. అదే బేగి మూసుకుంటంది."

ఆ రోజు నారాయణమూర్తి ఓడ సగాన్నీ, మైనం పలకల్నీ, అద్దాన్నీ మూట కట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. భార్య కనకమహాలక్ష్మి వసారాలో బియ్యం ఏరుతోంది. జరిగినదంతా చెప్పాడు. చెబుతూ మధ్యలో రెండుసార్లు కుడినీ ఎడమనీ తారుమారు చేశాడు.

"మీరు సెప్పేదేటో నాకు అర్థం కాలేదు గానీ, ముందా అద్దం తీసీండి. దాన్ని సూస్తంటే నాకే తల తిరుగుతంది," అంది ఆమె.

అద్దాన్ని గోడవైపు తిప్పాడు. ఆమె ఓడ సగాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో రాసి చూసింది. తర్వాత లేచి గుండుసూది తెచ్చుకుంది. మైనం పలక మీద నిలువునా ఒక గీత గీసి, ఓడ అంచుని ఆ గీతకి ఆనించింది. ఇవతల ఓడ మీద బొగ్గుతో చుక్కలు పెట్టింది, అవతల మైనం మీద సూదితో చుక్కలు పెట్టింది. గీతకి ఇటు మూడు వేళ్ళ దూరంలో చుక్కుంటే అటూ మూడు వేళ్ళే. ఇటు పొట్ట బొటనవేలంత ఉబ్బితే అటూ అంతే. రోజూ పొద్దున్న వాకిట్లో ముగ్గుకి ఒక పక్క వేసి రెండో పక్క చూడకుండా తిప్పేసే చెయ్యి అది. దానికి అద్దం అక్కర్లేదు, నడిమి గీత ఉంటే చాలు.

"ఇది ఎడమేనా కనకం?"

"ఎడమో కుడో నాకేటి తెల్సు. ఇటున్నది అటుండాల, అంతే కదా."

తొమ్మిది మధ్యాహ్నాలు పట్టింది. మైనం ఆమె చెక్కింది, అచ్చు అతను పోశాడు. ప్లాస్టరు పగలగొట్టాక వచ్చిన గులాబీ సగాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే, అది ఎడమదో కాదో నారాయణమూర్తికి నిజంగా తెలియలేదు. కిటికీలో ఉన్న మూడింటి పక్కన పెట్టి చూశాడు. ఒకసారి వేరుగా ఉన్నట్టుండేది, ఇంకోసారి ఒకటే అనిపించేది. బూడిద సగంతో కలిపి చూడొచ్చు. కానీ మళ్ళీ తోక ఎదురైతే చూడలేననిపించి, రెండింటినీ వేరువేరు కాగితాల్లో చుట్టి, దసరాకి పది రోజుల ముందు మన్మథరావు ఇంటికి వెళ్ళాడు.

మన్మథరావు వరండాలో కూర్చున్నాడు. "ఎవులూ?" అన్నాడు, పట్టపగలే. బాలాంబ లోపల్నించి, "పళ్ళాయన, అన్నయ్యా," అంది.

కాగితాలు విప్పి రెండు సగాలూ అతని రెండు చేతుల్లో పెట్టాడు నారాయణమూర్తి. ఏ చేతిలో ఏది పెట్టాడో చూసుకోలేదు. మన్మథరావు వాటిని కాసేపు బరువు చూసి, తనే చేతులు మార్చుకుని, రెండరచేతులూ దగ్గరికి తెచ్చాడు. నమస్కారం పెట్టినట్టుంది. ముక్కుకి ముక్కు ఆనింది. తోకకి తోక ఆనింది. అడుగు అడుగునే ఉంది.

బొటనవేలు అతుకు వెంట మెల్లగా నడిచి ఒకచోట ఆగింది. "ఇక్కడ నూలుపోగంత సందుంది."

"ఉడికినప్పుడు కాస్త ముడుచుకుంటుందండి. మైనం నింపమంటారా?"

"ఉండనీ. మా ఓడక్కూడా అక్కడే నీళ్ళు కారేవి."

పొగగొట్టం ఎక్కడ నిలబెట్టాలో వేలితో వెతుకుతూ, "రంగేటయ్యా ఇది? బూడిదే కదూ?" అని అడిగాడు.

నారాయణమూర్తి ఇంతవరకూ ఆ సంగతే ఆలోచించలేదు. కుడీ ఎడమల గొడవలో రంగు ఒకటుంటుందనే మర్చిపోయాడు. బూడిదే అంటే ఆ మనిషికి ఇంక ఎప్పటికీ బూడిదే. నోటిదాకా వచ్చింది. గుమ్మంలో నిలబడిన బాలాంబ వంక చూశాడు.

"లేదండి. కుడిపక్క బూడిద. ఎడమపక్క చిగుళ్ళ రంగు. నా దగ్గర అదొక్కటే ఉంటుంది."

మన్మథరావు నోట్లో వేలు పెట్టి పైవరస సెట్టు తీసి, దాన్నీ ఓడ ఎడమ పొట్టనీ పక్కపక్కన పట్టుకుని వేలితో రాసి చూశాడు. రెండూ ఒకేలా నునుపుగా ఉన్నట్టున్నాయి.

"అలాగయితే ఎడమ పక్కే ఈదివేపు పెట్టు బాలాంబా," అన్నాడు, పళ్ళు లేని నోటితో. "సూసినోళ్ళకి నవ్వుతన్నట్టుంటాది."

బాలాంబ రెండు సగాలకీ దారం చుట్టి వరండా పిట్టగోడ మీద నిలబెట్టింది. ఇంటికి వస్తూ నారాయణమూర్తి నాలుగడుగులు వేసి ఆగాడు. ఎడమ పక్క అంటే ఎవరికి ఎడమ? వరండాలో కూర్చున్నవాళ్ళకి ఎడమా, వీధిలో నడిచేవాళ్ళకా? ఎంత ఆలోచించినా తేలలేదు. వెనక్కి తిరిగి చూస్తే గోడమీద ఓడ గులాబీ రంగులో మెరుస్తోంది.