బెల్లం కడాయిలో చేపలు

పోయినవి ముందు చెబుతాను. చేపలు ఏడు. కిటికీ అద్దాలు ఐదు, వాటిని పట్టి ఉంచిన రేకు చట్రం ఒకటి. పెళ్ళినాడు మా అత్త పెట్టిన రాగి గంగాళం ఒకటి. చేపల మేతకు పల్లిచెక్క ముప్పై ఎనిమిది కిలోలు, తవుడు దానికి రెండింతలకు కొంచెం తక్కువ. సెలవు పెట్టి జీతం పోగొట్టుకున్న దినాలు పదకొండు. కాటా మీద పద్నాలుగేళ్లుగా నాకున్న మంచి పేరు ఒకటి. దానికి తూకం లేదు గనుక ఒకటి అనే రాస్తున్నాను. ఇదంతా తొమ్మిది నెలల్లోపే పోయింది. ఒక్కసారే పోయినా బాగుండేది, ఒక్కసారే అలిసిపోయి ఊరుకునేవాణ్ని.

అప్పట్లో నేను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా మీద గుమస్తాను. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలేది చెరుకు. నా బతుకంతా ఆ తీసివేతే. బడికి పోయింది నాలుగో జమాత్ దాకా, అదీ ఉర్దూలో. మిగతా లెక్కలు బండ్ల దగ్గరే వచ్చాయి. మణుగులు పోయి క్వింటాళ్లు వచ్చిన కొత్తలో రైతులు పాత లెక్కలో ఎంతవుతుందో నన్నే అడిగేవాళ్లు. నోటితోనే చెప్పేవాణ్ని. ఆ గర్వం కొంత ఉండేది.

మా అక్క నిజామాబాద్‌లో ఒక మిషన్ దవాఖానలో ఆయమ్మ. ఆడవాళ్ల క్షయ వార్డు ఆమెది. మంచాలు తొమ్మిది. ఆ రోజుల్లో ఆ జబ్బుకు నెలల తరబడి పడుకోవాలి. లేవవద్దు, గట్టిగా మాట్లాడవద్దు. ఒకామె నయమై ఇంటికి పోయింది. ఆమె భర్తకు చేపల శాఖలో పని. ఆయన కృతజ్ఞత కొద్దీ వెడల్పాటి గాజు సీసాలో మంచానికి ఒకటి చొప్పున తొమ్మిది రవ్వ చేపపిల్లలు తెచ్చి వార్డులో పెట్టాడు. ఒక్కోటి బొటనవేలంత. చూడటానికి ఏమీ లేని ఆడవాళ్లకు అవి దొరికాయి. వారం తిరగకముందే ఎవరి చేప ఏదో పంచుకున్నారు.

రెండు నెలల్లో సీసా చాలలేదు. వార్డు ముందర నీళ్ల హౌజు కట్టిద్దామని డాక్టరమ్మ ఒప్పుకుంది, కాని వచ్చే వానల నాటికి. అప్పటిదాకా ఎక్కడ పెట్టాలి? అక్క దసరా పోయిన ఆదివారం కిరసనాయిలు డబ్బా కడిగి, అందులో చేపలు వేసుకొని, రైలెక్కి మా ఇంటికి వచ్చింది.

"నా తమ్మునికి లెక్కలొస్తయి, వాడు సూసుకుంటడు అని చెప్పిన. తొమ్మిది మంచాలోల్లు ఒప్పుకున్నరు. హౌజు కాంగనే మల్ల తెచ్చిస్త అని మాటిచ్చిన తమ్మీ."

"మాటిచ్చేటప్పుడు నన్నడిగినవా అక్కా?"

"అడిగితే వద్దంటవని అడగలే."

చెరువులో వదలమని మా ఇంటిది అన్నది. చెరువును బెస్తవాళ్లు వేలం పాటకు పట్టుకుంటారు. అందులో పడ్డ చేప వాళ్లది, మళ్లీ ఇది మాది అని వల వేయలేము. కాలువలో వేస్తే ఏ ఊరికి పోతుందో తెలియదు. మాది వరస ఇళ్ల లైన్లో ఒకటిన్నర గది ఇల్లు, పన్నెండిళ్లకు ఒక నల్లా, ఇంటికి పొద్దున ఆరు బిందెలు వంతు.

నేను కాగితం మీద లెక్క వేశాను. దళసరి అద్దం నిజామాబాద్‌లో అడిగితే నా పదిహేను దినాల జీతం చెప్పారు. కిటికీ అద్దాలు ఐదు కొని, రేకు పని చేసేవానితో చట్రం చేయించి, సందుల్లో లప్పం పెట్టించాను. ఆ అద్దాల తొట్టికి ఎనిమిది బిందెలు పట్టాయి. పంతొమ్మిదో రోజు ముందటి అద్దం నిలువునా పగిలింది. నీళ్లు వంటింట్లోకి పోయాయి, పిండి తడిసింది, ఒక చేప పొయ్యి కిందికి పోయి దొరికేసరికి అయిపోయింది. మిగిలిన ఎనిమిదింటిని గంగాళంలో వేశాను.

గంగాళంలో క్రిస్మస్ దాకా ఉన్నాయి. మా ఇంటిది ఆ రెండు నెలలూ సర్వతో స్నానం చేసింది. "మా అమ్మ నాకు పెట్టిందా, చాపలకు పెట్టిందా?" అని రోజుకొకసారి అనేది. తర్వాత గంగాళం కూడా చాలలేదు. దాన్నే అమ్మకానికి మాట్లాడి, ముందుగా తీసుకున్న పైసలతో రోడ్డు కింద వేసే సిమెంటు తూము ఒకటి కొని, పెరట్లో నిలబెట్టి, అడుగు మూయించాను. గంగాళం బండెక్కేటప్పుడు ఆమె బయటికి రాలేదు. తూములోంచి ఒకటి ఎగిరి అవతల పడ్డది, పిల్లి తినిపోయింది. ఏడు.

నా తప్పు అక్కడుంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బండిలో గడలెన్ని అని నేను ఏ రైతునూ అడగలేదు, తూకమే రాశాను. చేపల దగ్గర మాత్రం గడలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. ఎనిమిదికి ఇన్ని నీళ్లు, ఏడుకు ఇన్ని నీళ్లు. ఒకటి తగ్గితే నీళ్లు మిగిలాయనుకున్నాను. ఆ ఏడూ జానెడు పొడుగై, మొదటి తొమ్మిది ఉన్నదానికి ఎన్ని రెట్లో బరువెక్కాయని ఒక్కనాడూ రాసుకోలేదు. పైగా అక్క నెలకోసారి వచ్చి "పెరిగినయా?" అనేది. వార్డులో చెప్పాలి గదా. పెరిగాయని చెప్పించడానికి నేను పల్లిచెక్క ఇంకా పెట్టేవాణ్ని. పెట్టిన కొద్దీ అవి పెరిగేవి, పెరిగిన కొద్దీ నాకు తూము చిన్నదయ్యేది.

కాటా దగ్గర బండ్లవాళ్లకు ఇది పెద్ద వేళాకోళం.

"మున్షీ సాబ్, చాపలను కాటా మీద పెట్టినవా లేదా?"

"పెడితే గంగాళం తూకం తీసెయ్యాలె గదనే, గంగాళమే లేదాయె!"

అన్నాడు ఇంకొక బండాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వుతూ చెప్పిన మాటే నేను చేయవలసిన పని అని అప్పుడు తోచలేదు.

ఫ్యాక్టరీకి చెరుకు తోలడం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లలో బెల్లం వండటం తగ్గింది. వండే కడాయిలు పొలాల గట్ల మీద బోర్లా పడి ఉండేవి. ఐదడుగుల అడ్డం. అడుగెత్తు నీళ్లు పోస్తే, రెండున్నరను రెండున్నరతో హెచ్చించి, ఇరవై రెండుతో హెచ్చించి, ఏడుతో భాగిస్తే, ఘనపుటడుగుకు ఇరవై ఎనిమిది లీటర్ల లెక్కన, పన్నెండు లీటర్ల బిందెలు నలభై ఆరు పడతాయి. తూముకు మూడింతల పైన. రైతు చేతిలోంచి చెరుకు గడ కూడా అందుకోని వాణ్ని, ఒక రైతును కడాయి అడిగాను. ఊరికే ఇచ్చాడు, తనే బండి మీద తెచ్చి దించాడు. నాలుగు రోజుల్లో మాట పుట్టింది: కడాయి ఇచ్చినోని బండికి రెండు క్వింటాళ్లు ఎక్కువ రాస్తున్నడట. ఆయన బండి వచ్చినప్పుడల్లా నేను కాటా దిగి ఇంకొకరిని కూచోబెట్టేవాణ్ని. దానితో మాట ఇంకా బలపడింది. ఏమీ లేకుంటే ఎందుకు దిగుతడు?

కడాయిని బూడిదతో, ఇటుక పొడితో మూడుసార్లు తోమాను. నీళ్లకు పదిహేను రోజులు పట్టింది. హోలీ నాటికి ఏడు చేపలూ అందులో తిరుగుతున్నాయి. ఒకదాన్నొకటి రాసుకోకుండా తిరగడం చూసి మా ఇంటిది కూడా కాసేపు నిలబడింది.

పక్కింట్లోకి అప్పుడే ఒక అవ్వ వచ్చింది. భీమ్‌గల్ వైపు మనిషి. కొడుకు లారీ మీద తిరిగేవాడు, నెలలో రెండు మూడు రోజులే ఇంట్లో ఉండేవాడు. మిగతా దినాలు అవ్వ ఒక్కతే. చేపలు కడాయిలోకి వచ్చిన మూడో వారం ఆమె కడాయి దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"బిడ్డా, నీ చాపల నీళ్లు ఇప్పసారా లెక్క వాసనొస్తున్నయ్. పులిసినయి."

"ఫ్యాక్టరీ వాసన అవ్వా అది. నువ్వు కొత్త గదా."

"ఫ్యాక్టరీ అటుంది. గాలి ఇటు కొడ్తలేదు."

"చక్కెర మడ్డి వాసన ఊరంత ఉంటది. నాలుగు రోజులైతే నీక్కూడ తెల్వది."

"నాక్కూడ తెల్వకుంటె ఇగ ఎవలు చెప్తరు?" అని ఆమె లోపలికి పోయింది.

నేను వంగి వాసన చూశాను. ఏమీ లేదు. మా ఇంటిదాన్ని పిలిచి చూడమన్నాను. ఏమీ లేదన్నది. మేము పద్నాలుగేళ్లుగా ఆ గాలి పీలుస్తున్నవాళ్లం. చెరుకు క్రషింగ్ నడిచే నెలల్లో మా బట్టలకు, అన్నానికి, పిల్లల తలలకు అదే వాసన. తీపి పులిసిన వాసన అనేది మా ముక్కులకు ఎప్పుడో చచ్చిపోయింది. కడాయి రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రివెట్లు కొట్టిన చోట, ఏళ్లనాటి బెల్లం తారులాగా గడ్డకట్టి ఉండేది. ఎండలు ముదిరి నీళ్లు వెచ్చబడ్డకొద్దీ అది కొంచెం కొంచెం కరిగి నీళ్లలోకి దిగి పులుస్తూ ఉన్నది. బయటినుంచి వచ్చిన మనిషికే అది అందింది. ఆ మనిషికి నేను ఊరి సంగతి నేర్పించి పంపాను.

మర్నాడు షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఐదు వెల్లకిలా తేలి ఉన్నాయి. మిగతా రెండూ నోళ్లు పైకి పెట్టి ఎగపోస్తున్నాయి. మా ఇంటిది తూము కడుగుతున్నది. మా వంతు నీళ్లు అప్పటికే ఇంట్లో వాడుకైపోయాయి. అవ్వ తన ఆరు బిందెలూ ఒకటొకటిగా మోసుకొచ్చి తూములో పోస్తున్నది. "నేను చెప్పిన గద" అని ఆమె అనలేదు. అన్నా బాగుండేది.

తూములో పాత నీళ్లు ఉంచితే మళ్లీ ఎగపోసేవి. రోజూ కొన్ని తీసి కొత్తవి పోయాలి. ఎండాకాలం మా ఆరు బిందెలు మాకే చాలవు. అవ్వే అన్నది: "నేనొక్కదాన్ని. నాకు రెండు సాలు. నాలుగు నువ్వు తీస్కపో." నేను తీసుకుపోయాను. రోజూ నాలుగు.

ఆదివారం అక్క వచ్చింది. ఐదు పోయాయని చెప్పాను. ఆమె మొదట అడిగింది నేను అనుకోని ప్రశ్న.

"ఎవలెవలివి పోయినయి?"

 నాకు అవి తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఆమె తూము మీదికి వంగింది. "మూడో మంచమామెది తోక కొస చీలుంటది. కిటికీ పక్క పిల్లది జర ఎర్రగుంటది. తలుపు కాడి అవ్వది మెడ మీద మచ్చ..." చాలాసేపు చూసింది. అవి జానెడు పైన పెరిగిపోయాయి. తోక చీలిక, మచ్చ ఏదీ ఆనవాలు లేదు.

"పోయినయెన్నో చెప్పక్కా. ఏడు పోయినయి, రెండున్నయని చెప్పు."

"ఎన్నో అడగరురా. నాది ఉన్నదా అని అడుగుతరు. తొమ్మిదిమంది అడుగుతరు, ఒక్కొక్కరు. నేనేం చెప్పాలె?"

ఆమె పిల్లలకు తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి, అన్నం తినకుండానే మధ్యాహ్నం రైలుకు పోయింది. వార్డులో ఏం చెప్పిందో నేను అడగలేదు.

హౌజు తొలి వానలకు పూర్తయింది. రెండు చేపలనూ రెండు డబ్బాల్లో వేసి, సెలవు పెట్టి, నేనే తీసుకుపోయాను. పాత తొమ్మిదిమందిలో అప్పటికి ఐదుగురే ఆ వార్డులో ఉన్నారు. ఇద్దరు ఇళ్లకు పోయారు. మిగతా ఇద్దరి సంగతి అక్క చెప్పలేదు, నాకు తెలిసింది. ఐదుగురినీ కుర్చీల్లో వరండాలోకి తెచ్చి కూచోబెట్టారు. చేపలు హౌజులో ఒక చుట్టు తిరిగాయి.

"గా ముందటిది నాది," అన్నది ఒకామె.

"నీదెట్లైతది? నాది."

"ఎవలిదైతేంది, జర్ర నీళ్లు కదపకుండ్రి, సూడనియ్యిండ్రి."

ఉన్న రెండే ఐదుగురివీ అయ్యాయి. అక్క నా వైపు చూడలేదు. ఆమె ఇచ్చిన మాట పూర్తిగా చెల్లలేదు, పూర్తిగా పోనూ లేదు. నేను ఖాళీ డబ్బాలు పట్టుకొని స్టేషన్‌కు నడిచాను.

ఇంటికి వచ్చాక మా ఇంటిది ఒక మాట చెప్పింది. ఆ ఎండాకాలమంతా అవ్వకు రెండు బిందెలు చాలలేదట. నేను డ్యూటీకి పోయాక, మిట్టమధ్యాహ్నం, పొలాల అవతలి మోటబావికి పోయి నెత్తిన తెచ్చుకునేదట. "నీకు చెప్పొద్దన్నది. చెప్తే తీస్కోవని." ఎంత దూరమో మర్నాడు నేను నడిచి చూశాను. పోను పద్దెనిమిది వందల అడుగులు పడ్డాయి. నా కాళ్లకు. ఆమె కాళ్లకు ఇంకా ఎక్కువే పడి ఉంటాయి.

వానలు పట్టాక పొద్దున్నే మా వంతులోంచి తీసి ఆమె గుమ్మంలో పెట్టడం మొదలుపెట్టాను. "గిప్పుడెందుకు బిడ్డా, గోలెం నిండుంది" అనేది, అయినా పారబోయలేదు. ముప్పై ఒక్క బిందెలు ఇచ్చాను. తర్వాత కొడుకు లారీ పని మానేసి ఆమెను భీమ్‌గల్ తీసుకుపోయాడు. రెండేళ్లకు నేను వెతుక్కుంటూ పోతే, ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. అవ్వ పోయిందన్నారు.

ఐదు పోయాక ఆ రెండు చేపలూ తూములో ఉన్నది అరవై మూడు రోజులు. నల్లా రాని రోజులు తొమ్మిది తీసేస్తే యాభై నాలుగు. మొదటి రోజు ఆరు, మిగిలిన యాభై మూడు రోజులు నాలుగేసి. మొత్తం రెండు వందల పద్దెనిమిది. ఇచ్చినవి ముప్పై ఒకటి. ఈ రోజుకీ నేను అవ్వకు ఉన్న బాకీ నూట ఎనభై ఏడు బిందెల నీళ్లు.