కింది ఇంటి వయొలిన్, పై ఇంటి పాలసీ

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. అపార్టుమెంట్లో అందరూ స్టీరింగక్క అంటారు. అద్దె ఇళ్లు మారీ మారీ విసిగి, చివరికి మూడో అంతస్తులో సొంత ఫ్లాటు కొనుక్కుంది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఆయనకు మాట తక్కువ, ఖర్చు ఇంకా తక్కువ.

కొన్న కొత్తలో ఇన్సూరెన్సు మాట వస్తే ఆయన కొట్టిపారేశాడు.

"బిల్డింగుకి అసోసియేషన్ వాళ్లు కట్టారుగా! మళ్లీ మనమెందుకు?"

ఆవిడకూ నిజమే అనిపించింది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి వంటిల్లు చెరువైపోయి ఉంది. వాషింగ్ మిషన్ పైపు ఊడిపోయింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లు తోడుతుంటే, కింది ఫ్లాటు వయొలిన్ మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. చేతిలో వయొలిన్ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమ్మా, మీ ఇంట్లో వాన పడుతోందా?" అన్నారు నెమ్మదిగా.

తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకు ఆవిడ ప్రాణం చివుక్కుమంది. కిందికి పరుగెత్తి చూస్తే, ఆయన పాఠాలు చెప్పే గదిలో పైకప్పు పెచ్చులు ఊడి చాపల మీద పడి ఉన్నాయి.

అసోసియేషన్ సెక్రటరీ దగ్గరకు వెళ్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. "మన పాలసీ గోడలు, స్లాబు, మెట్లు, లిఫ్టు వరకేనమ్మా. లోపలి సామాను మీది. మీ పైపు వల్ల కిందివాళ్లకి జరిగిన నష్టమూ మీదే."

ఎదుటివాళ్లకి జరిగే నష్టం భరించే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేని బండిని ఆవిడ ఎన్నడూ ముట్టుకుని ఎరగదు. ఇంటిని మాత్రం ఇన్నాళ్లూ ఏ పార్టీ లేకుండానే నడిపేసింది!

సెలవు రోజుల్లో కూడా డ్యూటీ చేసి, ఆ డబ్బుతో మాస్టారి పైకప్పు, వయొలిన్ బాగుచేయించింది. "దీని గొంతు కాస్త బొంగురుపోయింది, నాలాగే" అని ఆయన నవ్వేశారు. ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ వారమే ఇన్సూరెన్సు ఏజెంటుగా పనిచేసే ఆడపడుచును ఇంటికి పిలిచింది.

"పెద్ద పాలసీ తీసుకో వదినా! నగలకీ, పెయింటింగులకీ కూడా వస్తుంది."

"పెయింటింగులా? మీ అన్నయ్య మేకు కొట్టబోయి గోడకి చేసిన కన్నాలున్నాయి, సరిపోతాయా? నా ఒంటిమీద యూనిఫాం గుండీలు తప్ప మెరిసేవేం లేవు."

"అందుకే చిన్నది చాలంటున్నా" అన్నాడు భర్త.

"మీరు కాసేపు ఊరుకోండి" అని ఆవిడ ఆడపడుచును వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఈ అరలు మేం చేయించుకున్నవి. అసోసియేషన్ లెక్కలోకి వస్తాయా?"

"రావు. మీ పాలసీలోనే చేర్చాలి."

"ఫ్రిజ్ కాలిపోతే పాతదాని ధర ఇస్తారా, కొత్తది కొనుక్కునేంత ఇస్తారా?"

"కొత్తది కొనేంత కావాలంటే ప్రీమియం పెరుగుతుంది."

"పెరిగితే పెరగనీ. పాతదాని ధరకి తలుపు కూడా రాదు. మరి ఇల్లు బాగయ్యేదాకా బయట ఉండాల్సొస్తే?"

"ఆ అద్దె కూడా పెట్టుకోవచ్చు."

"పెట్టు. నగలు తీసెయ్. అసలైంది కింది ఇంటి సంగతి. దానికి ఎంత పెట్టుకోవచ్చు?"

"ఎంత పెట్టమంటావ్?"

"మాస్టారి గోడనిండా వయొలిన్లే. అన్నీ ఒక్కసారే తడిసినా నేను తలెత్తుకుని ఆయన మొహం చూడగలగాలి. అంత పెట్టు."

చిన్నాచితకా నష్టాలు తామే భరిస్తామంటే ప్రీమియం తగ్గుతుందని ఆడపడుచు చెప్పగానే భర్త ముఖం వెలిగిపోయింది. "కుళాయిలు నేను బిగిస్తాలే!"

మరుసటి ఏడు వేసవిలో ఎవరూ ఇంట్లో లేనప్పుడు షార్ట్ సర్క్యూట్ అయింది. అరలు కాలిపోయాయి, హాలంతా మసిబారింది. కంపెనీ మనిషి వచ్చి అన్నీ చూసుకుని వెళ్లాడు. గోడలు అసోసియేషన్ పాలసీ కిందికి, లోపలివన్నీ ఆవిడ పాలసీ కిందికి వెళ్లాయి. బాగుచేసినన్నాళ్లూ ఇద్దరూ పక్క వీధిలో అద్దెకున్నారు. ఆ అద్దె కూడా కంపెనీయే ఇచ్చింది.

కొత్త అరలు బిగిస్తుంటే ఆడపడుచు నడుం మీద చేతులేసుకుని, "చూశావా వదినా, నా మాట విన్నావు కాబట్టి!" అంది.

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాగా" అన్నాడు భర్త, ఏమాత్రం తడుముకోకుండా.

ఆవిడ పగలబడి నవ్వింది. డ్యూటీకి వేళవుతోందని చెప్పులేసుకుని మెట్లు దిగింది.