సింహానికి క్రాఫు

ఆ సెలూన్‌కి జుట్టు పెరగకముందే వచ్చేవాళ్లు ఎక్కువ. క్రాఫు ఒక వంక, అసలు పని కబుర్లు వినడం. మామగారి తర్వాత ఆ కుర్చీ వెనక నిలబడిన కోడలికి వీధివాళ్లు కత్తెరమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ చేతిలో ఒక కత్తెర ఆడుతుంటే నోట్లో ఇంకోటి ఆడేది. కథ రసపట్టులో పడితే చేతిలోది మాత్రం ఆగిపోయేది. అలా ఒకాయన ఒకవైపు మీసంతోనే ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లిపోయాడనీ, అక్కడివాళ్లు నవ్వు ఆపుకోలేక ఆ ఊపులోనే ఉద్యోగం ఇచ్చేశారనీ చెప్పుకుంటారు. ఆయన ఇప్పటికీ రెండోవైపు పెంచలేదని కత్తెరమ్మ చెబుతుంది. నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం.

ఆ వచ్చేవాళ్లలో తల మీద వెంట్రుకే లేని మాస్టారు ఒకాయన ఉన్నాడు. మేడమీద బొమ్మల సినిమాలు తీసే కంపెనీ ఆయనది. వారం వారం కుర్చీలో కూర్చుని, "వెనకాల ఏదో మొలిచినట్టుంది, చూడమ్మా" అనేవాడు. ఆవిడ గాల్లో కత్తెర ఆడిస్తూ కథ మొదలుపెట్టేది.

ఒకరోజు సింహం కథ చెప్పింది. జూలు కళ్లలో పడి వేట కుదరడం లేదని ఒక సింహం సెలూన్‌కి వస్తుంది. కత్తిరించే మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేస్తుంటే, సింహం హాయిగా నిద్రపోతుంది. లేచి అద్దంలో తన బోడి ముఖం చూసుకుని, ఇదేదో కొత్త జంతువు అనుకుని, తలుపు విరగ్గొట్టుకుని పారిపోతుంది.

మాస్టారు నవ్వీ నవ్వీ మెడ చుట్టూ కట్టిన తువ్వాలుతోనే కళ్లు తుడుచుకున్నాడు. "మేం ఒక చిన్న సినిమా తియ్యబోతున్నాం. ఇంకా కథ ఎంచలేదు. నీది కూడా పెట్టు. కాకపోతే మా దగ్గర కథ నోటితో చెప్పకూడదు. గళ్లు గీసి, గడికో బొమ్మ వేసి, గోడకి అంటించాలి. స్టోరీబోర్డ్ అంటారు. కథ తెలియనివాళ్లు వచ్చి చూస్తారు. గీసినవాళ్లు అక్కడే ఉండొచ్చు కానీ నోరు విప్పకూడదు. విప్పితే ఆ కథ పోటీలోంచి పోయినట్టే."

పక్కన బల్ల మీద కూర్చున్న అత్తగారు ఇది విని ఎగాదిగా చూసింది. "మా కోడలా? నోరు మూసుకునా? దానికన్నా ఆ సింహానికి గాత్రం నేర్పించడం తేలిక బాబూ."

కత్తెరమ్మ చీపురు అందుకుంది. ఆవిడ బెంగ ఆవిడది. ఇన్నేళ్లుగా చెప్పిన కథలన్నీ నేల మీద జుట్టుతో పాటు చీపురు కిందకి పోతున్నాయి. ఒక్కటైనా తను ఊడ్చెయ్యలేని చోట నిలవాలని ఉంది.

కొట్టు తెరవకముందు మేడమీదికి వెళ్లి నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి గీసుకెళ్లిన గళ్లలో బొమ్మ గోరంత, రాత కొండంత. మాస్టారు అరచేత్తో రాత మూసేసి, "ఇప్పుడేం తెలుస్తోంది?" అన్నాడు.

"ఏమీ తెలియట్లేదు."

"మరి సినిమా ఆడే చోటికల్లా వెళ్లి చదివి వినిపిస్తావా?"

"రమ్మంటే వెళ్తాను" అంది ఆవిడ.

రాత పోయింది. దగ్గరా దూరమూ నేర్చుకుంది. మనిషి భయం చూపించాలంటే మనిషంతా అక్కర్లేదు, గడి నిండా సింహం చెవి వేసి, దాని పక్కన వణికే కత్తెర మొన వేస్తే చాలు. ఆ గడి గీసిన రోజు కొట్లోకి వచ్చిన ప్రతివాడి చెవినీ అలా తల వంచి వంచి చూస్తుంటే, ఇద్దరు చెవులు కప్పుకుని వెళ్లిపోయారు.

కానీ అసలు చిక్కు తర్వాత వచ్చింది. "నీ సింహం లోపలికొస్తోందా, బయటికి పోతోందా?" అని మాస్టారు తల పట్టుకున్నాడు. ఒక గడిలో తలుపు ఎడమవైపుంటే పక్క గడిలో కుడివైపుంది. కత్తెర ఒకసారి ఈ చేతిలో, ఒకసారి ఆ చేతిలో. కత్తెరమ్మ కిందికి దిగి కుర్చీ వెనక నిలబడి చూసుకుంది. అప్పుడు తెలిసింది. పని మొదలుపెట్టిన నాటినుంచీ ఆవిడ మనుషుల ముఖాలు అద్దంలోనే చూసింది. సగం గళ్లు నేరుగా చూసి గీసింది, సగం అద్దంలో చూసి గీసింది.

"చూసేవాళ్లని ఒకచోట కూర్చోబెట్టు" అన్నాడు మాస్టారు. "కథ మధ్యలో వాళ్ల కుర్చీ లేపి గదిలో అటువైపు వేస్తే తల తిరుగుతుంది."

"అయితే అద్దంలో కూర్చోబెడతాను" అంది కత్తెరమ్మ.

అన్నీ చింపేసి మళ్లీ గీసింది. ఈసారి చూసేవాళ్లు అద్దం ఉండే చోటునుంచి చూస్తారు. ఎదురుగా సింహం, దాని వెనక వణికే మనిషి, ఆ వెనక తలుపు. చివర్లో సింహం తనని తాను చూసుకున్నప్పుడు నేరుగా మన ముఖంలోకే చూస్తుంది. మాస్టారు ఆ చివరి గడి ముందు చాలాసేపు నిలబడి బోడితల నిమురుకున్నాడు. "ఇది నేను నేర్పలేదమ్మా" అన్నాడు మురిసిపోతూ.

ఎంపిక రోజున అత్తగారు కూడా మేడెక్కింది. ముందుజాగ్రత్తగా కోడలి నోట్లో ఒక లవంగం పెట్టి, "ఇది నమిలావో, కథ పోయిందే" అని చెప్పింది. గోడల నిండా పోటీకి వచ్చినవాళ్లు తలా ఒకటి గీసిన కథలు. చూడడానికి కంపెనీలో లెక్కలు రాసే ఆవిడ, సంగీతం వాళ్లు, బొమ్మలకు రంగులేసేవాళ్లు వచ్చారు. సింహం కథ ముందు నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. కొట్లో అయితే ఈపాటికి పగలబడి నవ్వే చోటు దాటిపోయింది. కత్తెరమ్మ 'ఇక్కడ నవ్వాలి' అని చెప్పబోయి లవంగాన్ని దవడకి నొక్కిపట్టింది.

లెక్కలావిడ ఒక గడి దగ్గర ఆగి వేలు పెట్టింది. "అయ్యో, దీనికి కత్తెరంటే భయం. పంజాలతో కుర్చీని ఎలా పట్టుకుందో చూడండి."

కత్తెరమ్మ ఉలిక్కిపడింది. ఆ సింహం నిద్రపోతున్నట్టు గీశాననుకుంది. కానీ చెవి దగ్గరికి కత్తెర వస్తే కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ కళ్లు గట్టిగా మూసి చేతులు బిగిస్తాడు. ఆవిడని అడక్కుండా ఆవిడ చెయ్యి అదే గీసేసింది.

"దానికి ఈయనంటే భయం, ఈయనకి అదంటే భయం" అని రంగులేసే పిల్ల పకపకా నవ్వింది. అందరూ మళ్లీ మొదటి గడికి వెళ్లారు. ఈసారి ఒక్కొక్క గడికీ నవ్వు పెరిగింది. చివరి గడిలో సింహం తమ ముఖాల్లోకి చూసి బెదిరేసరికి సంగీతం ఆయన గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. మాస్టారు మిగతా కథలు ఒక్కొక్కటే ఊడదీసి మడిచాడు. సింహాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు అడిగాడు. "సింహం కూడా భయపడాలని అనుకునే గీశావా?"

కత్తెరమ్మ నోట్లోంచి లవంగం తీసింది. "మరి? మొదటినుంచీ అంతేగా."

"అబద్ధం" అంది అత్తగారు. "ఇంట్లో నాకు చెప్పినప్పుడు నిద్రపోయింది."

"నిద్రపోయింది మీరు అత్తయ్యా. సింహం మెలకువగానే ఉంది."