ఫ్యామిలీ పాస్ మీద యాభై ఎనిమిది మంది

కరోనా తగ్గి పార్కులు మళ్లీ తెరుచుకున్న రెండో ఏడు, చిత్తిరై నెల మొదటి వారంలో, అంటే ఏప్రిల్ నడుమ, నన్ను ఆదాయ విభాగం మేనేజరుగా వేశారు. రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్లే రోడ్డు మీద, కొండల వైపు తిరిగి ఉన్న నీళ్ల పార్కు మాది. అంతకు ముందు చాలా ఏళ్లు అక్కడే టికెట్ కౌంటర్ల ఇన్‌చార్జిగా, ఇంకా ముందు ఒక నూలు మిల్లు సేల్స్‌లో పని చేశాను. కొత్త హోదాలో నా పని టికెట్ ధర ఎంతో తేల్చడం. ధర యజమాని నిర్ణయిస్తాడని జనం అనుకుంటారు. నిజానికి ఆయన నిర్ణయించేది ఆ ధర పారకపోతే ఎవరిని తిట్టాలన్నది మాత్రమే.

చదివేవారి కోసం సీజన్ పాస్ అంటే ఏమిటో చెబుతాను. ఒకసారి డబ్బు కట్టి ఏడాదిలో ఎన్నిసార్లయినా రావచ్చనే కార్డు అది. దాని ధర మామూలు టికెట్‌కు రెండున్నర రెట్లు ఉండాలన్నది మేం పాటించే లెక్క. మూడోసారి గేటు దాటగానే కొన్నవాడికి పార్కును ముంచేశానన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిలో అతను లాకరు అద్దెకు తీసుకుంటాడు, ఈతబట్టలు అద్దెకు తీసుకుంటాడు, బయట చవగ్గా దొరికే బజ్జీని లోపల నాలుగింతలు పెట్టి కొంటాడు. పార్కు బతికేది ఆ బజ్జీ మీదే. ఇక పండగల్లో, పెద్ద సెలవుల్లో పాస్ చెల్లని రోజులుంటాయి. వాటిని కార్డు వెనక, కళ్లజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో వేయించడమే మేనేజరు పనితనం.

మాకు పోటీ శ్రీవిల్లిపుత్తూరు రోడ్డులో, మంసాపురం వైపున్న పార్కు. అక్కడ నా హోదాలో ఉన్నవాడు నా భార్య తమ్ముడు. వృత్తి రహస్యాలు బయటపెట్టబోమని రెండు పార్కులూ మా ఇద్దరి చేతా సంతకాలు చేయించుకున్నాయి. మేం మాట మీద నిలబడ్డాం, ధరల గురించి ఒక్క ముక్క అనుకోలేదు. మా ఆవిడా వాళ్లావిడా అనుకున్నారు. వాళ్లు ఎక్కడా సంతకం పెట్టలేదు.

మేం రెండున్నర టికెట్ల ధరకు పాస్ ప్రకటిస్తే మర్నాటికల్లా వాళ్లు రెండుకు దించారు. మేం ఒకటిన్నరకు దించాం. వాళ్లు మధ్యాహ్న భోజనం కలిపారు. మేం భోజనంలో పాయసం కలిపాం. వాళ్లు వడ కూడా వేస్తున్నారని మా ఇంట్లో తెలిసిన రోజు నేను నిజంగా అన్నం తినలేదు. ఇంత కొట్లాటలో అసలు పోటీదారు పేరు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. జూన్ నడుమ వచ్చే ఆని నెలలో కుట్రాలంలో సారల్ మొదలైతే, అంటే ఆ సన్నజల్లు పడి జలపాతాలు దూకితే, మా వైపు జనమంతా అటే పోతారు. అక్కడ నీళ్లు ఊరికే పడతాయి. గేటు లేదు, పాస్ లేదు, మేనేజరు లేడు. అమ్మేదేదో అంతలోపే అమ్ముకోవాలి.

అప్పుడు ముదలాళి ఫ్యామిలీ పాస్ అన్నాడు. యజమానిని మా వైపు అలాగే అంటాం. ఇంటికి ఒకటే కార్డు, అందులో కుటుంబమంతా. కుటుంబం అంటే ఎవరెవరో రాసే పని నాకు వచ్చింది. కార్డులు అచ్చువేసే చెన్నై కంపెనీ పంపిన ఫారంలో భర్త, భార్య, ఇద్దరు పిల్లలు అని నాలుగే గళ్లున్నాయి. చూడగానే నాకు ఒళ్లు మండింది. మా వాళ్లలో పెళ్లి పిలుపంటే ఇంటింటికీ వెళ్లి మనిషి మనిషికీ చెప్పాలి. ఒక పిన్నిని పిలిచి ఆమె ఆడబిడ్డను మరిచిపోతే రెండు తరాలు మాటలుండవు. అలాంటి ఊరికి నాలుగు గళ్లా?

పెదనాన్న, మేనత్త, తోడల్లుడు, వియ్యపురాలు మొదలుకొని వేలువిడిచిన మేనమామ దాకా అన్ని వరసలూ చేర్చాను. ఎంతమంది అన్న గడి కొట్టేశాను. చివర "వరస చెప్పగలిగిన వారందరూ కుటుంబ సభ్యులే" అని ఒక వాక్యం రాశాను. మా పూర్వీకులు తెలుగు సీమ వదిలి వచ్చి ఎన్ని వందల ఏళ్లయినా వరసలు మరిచిపోలేదని చాటడానికి నాకు ఒక టికెట్ ఫారం దొరికింది. ముదలాళి తల్లికి చదివి వినిపిస్తే ఆవిడ కళ్లు తుడుచుకుంది.

వద్దన్నది ఒక్క మనిషే. గేటు సూపర్‌వైజరు ఎస్. కృష్ణవేణి, చోళపురం ఆమె. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పని చేస్తోంది. ఆ జూలైలో వచ్చే ఆడి నెలలో పర్మనెంట్ చేస్తామని ఆమెకు కాగితం కూడా ఇచ్చి ఉన్నారు. భర్త నడుం దెబ్బతిని మంచం పట్టాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోందని పార్కులో అందరికీ తెలుసు. ఫారం చూసి నా గదికి వచ్చింది.

"సార్, ఎంత మందో ఒక నంబర్ వేసేయండి. ఇల్లాట్టి, నంబర్ లేకుంటే, గేట్లో నిలబడి నేను దా తిట్లు తినాల. ఊరంతా సొందక్కారులే, చుట్టాలే కదా, ఎవరిని వద్దనేది?"

అడగడం గేటు పని, నియమం రాయడం నా పని అని చెప్పి పంపేశాను.

మొదటి పాస్ కొన్నది మా కిట్టప్ప చిన్నాన్న. మిల్లులో రిటైరైన మనిషి, తీరికకు కొదవ లేదు. ఆయన జాబితాలో యాభై ఎనిమిది పేర్లున్నాయి. ఆదివారం పొద్దున రెండు వ్యాన్లలో దిగేవారు. చిన్నాన్న గేటు పక్కన కుర్చీ వేయించుకుని పెళ్లిపెద్దలా కూర్చునేవాడు. కృష్ణవేణి ఒక్కొక్కరినీ కార్డుకు ఏమవుతారని అడిగి నోటుబుక్కులో రాసుకునేది. ఎవరైనా వరస తప్పు చెబితే వెనక నిలబడ్డ ముసలమ్మలు సరిదిద్దేవారు. ఆ క్యూలోనే రెండు పెళ్లి సంబంధాలు కుదిరాయి కూడా. ఆయన్ని చూసి మిగతా ఇళ్లవాళ్లూ అదే దారి పట్టారు. యాభై ఎనిమిది మందీ పాయసంతో భోంచేసేవారు. ఒకే లాకరు తీసుకుని అందరి బట్టలూ అందులో కుక్కేవారు. బజ్జీలు ఇంటి నుంచే వచ్చేవి.

వైకాశి నెల దాటి జూన్ నడుమకొచ్చేసరికి మామూలు టికెట్ కొనేవాడు కరువయ్యాడు. పార్కులో చెన్నై భాగస్వాములకు వాటా ఉంది, వాళ్ల ఆడిటర్ వచ్చి రెండు రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక కార్డు మీద యాభై ఎనిమిది మంది వెళ్లడం చూశాక ఆయన టీ కూడా తాగకుండా రిపోర్టు రాశాడు. దీనికి బాధ్యులెవరో తేల్చమన్నారు.

ఇలాంటప్పుడు పద్ధతి ఇది. ముందు ఛార్జి మెమో, తర్వాత విచారణ, ఆపైన నివేదిక. నివేదికలో బాధ్యులు అనే గడి ఒకటుంటుంది, దాన్ని ఖాళీగా వదలకూడదు. మెమో కృష్ణవేణికి వెళ్లింది. విచారణాధికారిగా ముదలాళి నన్నే వేశాడు, ఆ నియమం నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదట. అందులో అబద్ధం లేదు.

విచారణ గదిలో నేనూ, సిబ్బంది విభాగం అధికారీ, సాక్షిగా ముదలాళి మేనమామా కూర్చున్నాం. సిబ్బంది అధికారి మా పెదనాన్న మనవడు. కృష్ణవేణి నోటుబుక్కు తెచ్చి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టింది. గొంతు పెంచలేదు.

"అడగకుండా ఒకరిని కూడా లోపల విడలేదు సార్. అందరూ వరస చెప్పినారు, నేను రాసినాను. ఇందో, చూడండి. పదిహేడో పేరు మీది. కార్డుకు అన్న కొడుకు. ఇరవై మూడో ఆయన ఎదుటి పార్కు మేనేజర్. అన్న కొడుకుకు బావమరిది అని చెప్పినాడు. అది నిజం దానే?"

నిజమే. నా బావమరిది మూడు ఆదివారాలు మా పాస్ మీదే వచ్చి, మా జనాన్ని లెక్కపెట్టుకుని, మా పాయసం తాగి వెళ్లాడు. లోపల ఇంకో పేజీలో, అదే కార్డుకు ఏదో వరస చెప్పిన ముదలాళి తల్లి పేరుంది. మేనమామ ఆ పేజీ తిప్పేశాడు.

"నంబర్ వేయండని నేను చెప్పినాను. మీకు గుర్తుండాదా సార్?" అని అడిగింది.

గుర్తుంది. ఆ గదిలోనూ గుర్తుంది. విచారణలో ప్రశ్నలు అడగవలసింది అధికారి అని మాత్రం జవాబిచ్చాను. ఆమె నోటుబుక్కు మూసి, చీర కొంగు సర్దుకుని, సరి సార్ అని లేచింది.

నివేదిక మొదటి ప్రతిలో బాధ్యుల గడిలో నా పేరే రాశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఆ ప్రతి నా గది దాటి ముదలాళి బల్ల దాకానే వెళ్లింది. ఆయన కోప్పడలేదు. నీ పేరు వస్తే నిన్ను ఆ కుర్చీలో వేసిన నా పేరు వస్తుంది, నా పేరు వస్తే అమ్మ పేరు వస్తుంది, చెన్నై వాళ్ల ముందు అమ్మను నిలబెడతావా అన్నాడు. నాకు రిటైర్మెంటు రెండేళ్లుంది. రెండో ప్రతిలో "బంధుత్వ నిర్ధారణలో గేటు స్థాయి అలసత్వం" అని రాసి సంతకం పెట్టాను. అప్పుడూ సిగ్గుపడ్డాను, ఇప్పుడూ సిగ్గుపడుతున్నాను.

ఆడి నెలలో కృష్ణవేణి పర్మనెంట్ కాలేదు, కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. సత్రపట్టి వైపు ఆసుపత్రి కట్లకు వాడే గాజుగుడ్డ నేసే షెడ్డులో రోజుకూలికి చేరిందని తర్వాత విన్నాను. ఫ్యామిలీ పాస్‌లో మళ్లీ నాలుగు గళ్లే పెట్టారు. ఎదుటి పార్కూ వడ తీసేసింది. ఆ ఏడు సారల్ బాగా పడింది, రెండు పార్కులూ ఈగలు తోలుకున్నాయి. విచారణ త్వరగా ముగించానని చెన్నై నుంచి నాకు అభినందన లేఖ వచ్చింది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగినవి రెండు. ధర ఎంతకు దించినా తర్వాత పెంచుకోవచ్చు, మనుషుల సంఖ్య మాత్రం మొదటే రాసుకోవాలి. రెండోది, విచారణకు కూర్చునేవాడు ఎవరికి ఏమవుతాడో ముందే అడగాలి. ఆ రోజు గదిలో నలుగురం ఉన్నాం. ముగ్గురం ఒకరికొకరం ఏదో ఒకటి అవుతాం. కృష్ణవేణి ఎవరికీ ఏమీ కాదు. ఆ గడిలో ఆమె పేరు రాయడానికి అంతకు మించిన కారణం మా దగ్గర లేదు.