కలిసి తప్పిన తాళం

అరకు నుంచి కిందికి దిగే బస్సులో నా పక్క సీటాయన ఒళ్లో గిటారు పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టంతా నెరిసింది. ఫోనులో ఏదో వింటూ, ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చాడు.

"ఇనండి మేడం. మా బేండు. కుర్రాళ్లప్పట్నుంచీ మేవు నలుగురవే."

నాకు రాక్ సంగీతమంటే తలనొప్పి. పైగా చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతాను, తాళం తప్పితే ఊరుకోను. పాట మొదట్లో ఎవరో దగ్గారు. గిటార్లు గరగరలాడాయి. సగం పాటకే డ్రమ్స్ పరుగందుకున్నాయి, మిగతా ముగ్గురూ వాటి వెంటపడ్డారు. చివర్లో అందరూ ఒక్క దెబ్బకి ఆగి, పకపకా నవ్వారు.

"మీ డ్రమ్మరు తొందరపడుతున్నాడండీ," అన్నాను.

"ఎప్పుడూ అంతే," అని నవ్వబోయి ఆగిపోయాడు. "మొన్న వానల్లో పోనాడండి. ఆ దగ్గు ఆడిదే. కొత్తోడు సక్కగా వాయిత్తన్నాడు, ఒక్క దెబ్బ అటూ ఇటూ పోదు. అప్పుడు నలుగురం కలిసి తప్పీవోళ్లం మేడం. ఇప్పుడు నేనొక్కడ్నే తప్పుతన్నాను."

ఇయర్‌ఫోన్ తిరిగివ్వబోయాను.

"ఇంకోసారి ఇనండి," అన్నాడు.

ఘాట్ దిగేదాకా అదే విన్నాం.

ఆ ఆదివారం చర్చిలో పిల్లలు పాట మధ్యలో తాళం తప్పి పరుగెత్తారు. ఆపడానికి లేపిన చెయ్యి దించేశాను. అంతా ఒక్కసారే ముగించి, తిట్ల కోసం నా మొహంలోకి చూశారు.

"ఇంకోసారి పాడండి," అన్నాను.