ఉప్మా ప్యాకెట్‌కు నేను వేసిన మార్కులు

వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఆ చవక ఉప్మాకు మంచి మార్కులు వేసి, ఇంటి ఉప్మా కన్నా మేలని గుంటూరులో ఒక వారపత్రికకు సమీక్ష రాశాను. రుచి చూడకముందే అందులో మా ఆవిడ కొట్టిన కరివేపాకు కారం, నెయ్యి కలిపానని మాత్రం రాయలేదు. దాచాలని కాదు. మా వైపు కంచంలో ఏది పడినా చెయ్యి ముందు కారం సీసా మీదికి పోతుంది. అదొక పని చేశామన్న గుర్తు కూడా ఉండదు.

మా ఆవిడ సమీక్ష చదివింది. మర్నాడు పొద్దున ఆ ప్యాకెట్ ఉప్మానే నా ముందు పెట్టింది. బల్ల మీద సీసా లేదు. మొదటి ముద్ద నానిన అట్టముక్కలా ఉంది.

"కారం సీసా ఏదీ?" అన్నాను.

"దేనికండీ? పేపర్లో సీసా ఊసే లేదుగా. బాగుందన్నారు, తినండి."

"ఉత్తది తినలేకపోతున్నానే."

"నా ఉప్మా తినలేకే అట్లా రాశారనుకున్నా," అంది. ఆమె నవ్వడం లేదు.

కంచం ఖాళీ చేశాను. పత్రికకు సవరణ పంపించి, వంటింట్లోకి వెళ్లాను.

"ఆ మార్కులు నీ కారానివి. ప్యాకెట్‌కి వేసి, నీ ఉప్మాని నలుగురిలో తక్కువ చేశాను. తప్పు నాదే, క్షమించు," అన్నాను.